మైనస్ ఆరు రోజులు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత చెప్పబోయేది చదివి నన్నెవరూ ధైర్యవంతురాలినని పొరబడరు. బల్లి మీద పడితే వాడంతా వినపడేట్టు అరుస్తాను. కుక్క కనపడితే సందు మార్చేస్తాను. ఫోన్ వరసగా రెండుసార్లు మోగితే ఎవరో పోయారనే అనుకుంటాను. లెక్కలంటే మాత్రం ఎందుకో భయం లేదు. ఇప్పుడు సూరత్ డిండోలిలో మా ఇంటి ముందు గదిలో పదో తరగతి పిల్లలకు లెక్కలే చెబుతున్నాను. రెండు సమీకరణాల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నవన్నీ చేయిస్తాను. మామిడిపళ్ళూ జామపళ్ళూ, ఏటికి ఎదురెళ్ళే పడవ, తండ్రీకొడుకుల వయసులు, ఏదీ వదలను. "మీ ఇంట్లోంచి ఒక లెక్క తయారుచేసుకు రండి" అని మాత్రం చచ్చినా అనను. మా సారు ఒకసారి అన్నాడు. ఇదంతా దాని సంగతే.

అప్పుడు నేను పదో తరగతి, మా వాడలోని తెలుగు బడిలో. లెక్కల సారుది కూడా మా కరీంనగర్ వైపే. చాక్‌పీసును పెన్సిల్‌లా చెవి మీద దోపుకుని, తర్వాత దానికోసమే బల్లంతా వెతికే మనిషి. ఎక్స్, వై అంటూ వారం రోజులు బోర్డు నింపాక ఒక శనివారం ఇలా అన్నాడు.

"పుస్తకంల లెక్క పుస్తకంలనే సచ్చిపోతది. ఇంట్ల లెక్క బతికుంటది. సోమారం ఒక్కొక్కలు ఒక్కొక్క లెక్క ఇంటికాడికెళ్ళి పట్టుకురావాలె. తెల్వనియి రెండుండాలె, తెల్సిన ముచ్చట్లు రెండుండాలె. గప్పుడే అది విడుతది."

మా ఇంట్లో ఉన్నది ముగ్గురం. బాపు ఉధనాలో ఒక కార్ఖానాలో ఎనిమిది మగ్గాలు నడిపేవాడు. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. ఇక నేను. ఈ ముగ్గురిలో రెండు తెలియనివి ఎక్కడ దొరుకుతాయని ఆలోచించి ఆలోచించి, చివరికి బాపు సైకిల్ మీద పడ్డాను.

ఆ సైకిల్ ముందు చక్రానికి చిన్న మీటరుండేది. పాత సామాన్ల బజారులో సైకిల్ కొన్నప్పుడు దానితోపాటే వచ్చింది. తిరిగిన కిలోమీటర్లన్నీ కలిపి చూపిస్తుందే తప్ప ఏ రోజుది ఆ రోజు చెప్పదు. మగ్గాలకు ఆదివారాలుండవు, పదిహేను రోజులకు ఒక్క సెలవు. ఆ సెలవు రోజున సైకిల్ కడగడం నా పని, మీటరు అంకె నోటుపుస్తకం వెనకట్ట మీద రాసుకోవడం నా సరదా. ఆ ఆదివారం సెలవు పడింది. సైకిల్ కడిగాను, అంకె రాసుకున్నాను. కిందటి సెలవు నాటి అంకె దాంట్లోంచి తీసేస్తే నూట ముప్పై రెండు కిలోమీటర్లు వచ్చింది. మధ్యలో బాపు పనికి పోయింది పద్నాలుగు రోజులు.

ఇంటినుంచి కార్ఖానాకు రెండు దారులు. రైలు పట్టాల కిందుగా పోయే దారిని ఇక్కడ గర్నాలా అంటారు. అందులోంచి పోతే నాలుగు కిలోమీటర్లు, రానూపోనూ ఎనిమిది. గట్టి వాన పడితే గర్నాలాలో మోకాటిలోతు నీళ్ళు నిలుస్తాయి. అప్పుడు బ్రిడ్జి ఎక్కి తిరిగి పోవాలి, రానూపోనూ తొమ్మిది. అవి వానరోజులు. కొన్నాళ్ళుగా బాపు పొద్దున ముందే బయల్దేరుతున్నాడు, రావడమూ ఆలస్యమవుతోంది. అమ్మ అడిగితే ఒకటే మాట చెప్పేవాడు. "గర్నాలాల నీళ్ళు నిండినయ్. బ్రిడ్జి మీదికెళ్ళి తిరిగి పోతున్న."

ఎన్ని రోజులు అలా తిరిగి పోయాడో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంకేం, నా లెక్క దొరికిపోయింది! గర్నాలా రోజులు ఎక్స్, బ్రిడ్జి రోజులు వై. రెండూ కలిపితే పద్నాలుగు. ఎనిమిది ఎక్సులూ తొమ్మిది వైలూ కలిపితే నూట ముప్పై రెండు. నా తెలివికి నేనే మురిసిపోతూ వంటగది గుమ్మంలో కూర్చుని లెక్క విప్పాను.

వై ఇరవై వచ్చింది. ఎక్స్ మైనస్ ఆరు.

పద్నాలుగు రోజుల్లో ఇరవై రోజులు బ్రిడ్జి మీద పోయాడు, మైనస్ ఆరు రోజులు గర్నాలాలో పోయాడు. కొట్టేసి మళ్ళీ చేశాను. మళ్ళీ మైనస్ ఆరే. మూడోసారి చేసి, సారే చూసుకుంటాడులే అని పుస్తకం మూసేశాను.

సోమవారం సారు నా లెక్కనే బోర్డు మీద వేయించాడు. జవాబు దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా ఒకటే నవ్వు. వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు. "మీ బాపు ఆరు రోజులు సైకిల్ ఉల్టా తొక్కిండే!" నేనూ నవ్వాను. సారు నవ్వలేదు. వేలు పెట్టుకుంటూ ఒక్కో వరస చూశాడు.

"కూడుడు, తీసుడు అన్నీ సక్కగనే ఉన్నయ్. మరి రోజులు మైనస్‌ల ఉంటయా బిడ్డా?" అన్నాడు. "లెక్క అబద్ధమాడదు. లెక్కకు చెప్పినోళ్ళు ఆడుతరు. ఇంటికి పోయి ఎవలు తప్పు చెప్పిండ్రో చూడు."

ఆయన మామూలుగానే అన్నాడు. అని, ఇంకో అమ్మాయి తెచ్చిన కోడిగుడ్ల లెక్కలో పడిపోయాడు. నేను మాత్రం బోర్డు మీది అంకెల్నే మళ్ళీ కూడుకున్నాను. పద్నాలుగు రోజులూ బ్రిడ్జి మీదే పోయాడనుకున్నా నూట ఇరవై ఆరే అవుతుంది. మిగతా ఆరు కిలోమీటర్లు ఎక్కడివి? బాపు ఎక్కడికి పోయాడు?

సాయంత్రం బాపు రాగానే సైకిల్ దగ్గరికి పోయాను. మీటరు చెడిపోయి ఉంటే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాను. ముందు చక్రం ఎత్తి తిప్పాను. అంకె బుద్ధిగా కదిలింది. సైకిల్ దించుతూ హ్యాండిల్ పట్టుకున్నాను. నల్ల రబ్బరు పిడి గాట్లలో రాణీ రంగు. ఆ మెరిసే ముదురు గులాబీని ఇక్కడ అందరూ రాణీ రంగే అంటారు. నిన్న సైకిల్ కడుగుతున్నప్పుడు గుడ్డకు అదే రంగు అంటితే, గుడ్డ రంగు దిగుతోందని అనుకున్నానే!

మగ్గం మీద దిగే గుడ్డకు రంగుండదు. తెల్లగానో మట్టిగానో ఉంటుంది. మగ్గాలు నడిపేవాడి చేతికి నూనె మరకలుంటాయి, దూదిపొట్టు ఉంటుంది, రంగు మాత్రం ఉండదు. రంగు పడేది పాండేసర మిల్లుల్లో.

పాండేసర అనుకోగానే హ్యాండిల్ వదిలేశాను.

అంతకు రెండేళ్ళ ముందు మా మామ, అంటే అమ్మ తమ్ముడు, పాండేసరలో ఒక రంగుల మిల్లులో పనిచేసేవాడు. బమ్రోలిలో గది. నెలకోసారి బాపు నన్ను ఈ సైకిల్ మీదే మామ దగ్గరికి తీసుకుపోయేవాడు, మిల్లు గేటు దగ్గర కలుసుకునేవాళ్ళం. మిల్లులో జెట్ అని ఒక యంత్రం ఉంటుంది. మనిషంత ఎత్తు ఇనప డ్రమ్ము, అందులో గుడ్డను రంగునీళ్ళలో ఉడికిస్తారు. లోపలి ఆవిరి పూర్తిగా దిగాకే మూత తియ్యాలి. ఒక రోజు పైవాడెవడో తొందరపెట్టాడు, మామ ముందే తీశాడు. ఉడుకునీళ్ళు ముఖం మీదికీ ఛాతీ మీదికీ కొట్టాయి. ఆస్పత్రిలో వారం ఉండి పోయాడు. ఇరవై ఆరేళ్ళవాడు.

కర్మకాండలైన మర్నాడు అమ్మ నన్ను నడింట్లో కూర్చోబెట్టి, బాపు చెయ్యి పట్టుకుని తెచ్చి నా నెత్తి మీద పెట్టించింది. "జెట్ ఉన్న మిల్లుల అడుగు పెట్టనని చెప్పు. బిడ్డ మీద ఒట్టేసి చెప్పు." బాపు చెప్పాడు. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ గుర్తుంది. బిడ్డ మీద వేసిన ఒట్టు తప్పితే ఎవరికి తగులుతుందో మా ఇళ్ళల్లో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. తప్పినవాడికి కాదు, ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టాడో వాళ్ళకు.

పుస్తకం తెరిచాను. ఇంటినుంచి పాండేసర ఆరు కిలోమీటర్లు. మామ దగ్గరికి పోయినప్పుడల్లా మీటరు ఆరే తిరిగేది. రానూపోనూ పన్నెండు. బ్రిడ్జిని తీసేసి ఆ చోట పాండేసర రాశాను. ఎనిమిది ఎక్సులు, పన్నెండు వైలు, మొత్తం నూట ముప్పై రెండు. రెండే వరసల్లో విడిపోయింది. మగ్గాల దగ్గరికి తొమ్మిది రోజులు, పాండేసరకు ఐదు రోజులు. మైనస్ లేదు, సగం లేదు, పావు లేదు. లెక్క అంత శుభ్రంగా కుదిరితే పిల్లలెవరైనా సంతోషిస్తారు. నేను మాత్రం పుస్తకం బోర్లించేశాను.

అంటే నా నెత్తి మీద ఒట్టు ఐదుసార్లు తప్పింది.

ఆ వారం నేనెలా బతికానో నాకే తెలియదు. దువ్వెనకు నాలుగు వెంట్రుకలు వస్తే గుండె జారిపోయేది. బడిలో ఫ్యాను కింద కూర్చోలేక, తలనొప్పని చెప్పి గోడవారకు మారాను. చెప్పాక నిజంగానే తలనొప్పి వచ్చింది. అమ్మో, మొదలైంది అనుకున్నాను. రోడ్డు దాటాలంటే పది నిమిషాలు నిలబడేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు మాత్రం రోజూ ప్రాణం అరచేతిలో పెట్టుకునే తిరిగాను.

అది నా ప్రాణం గురించిన భయం. అంతకన్నా పెద్దది ఇంకొకటి సాయంత్రం పట్టుకునేది. ఏడు దాటేది, ఏడున్నర దాటేది, సైకిల్ గంట వినపడేది కాదు. మామ ముఖానికి చుట్టిన తెల్లగుడ్డలు కళ్ళముందు కదిలేవి. ఆ గుడ్డల్లోంచి మామ కళ్ళు కాదు, బాపు కళ్ళు చూసేవి. గంట మోగగానే ఒక్క ఉరుకున గుమ్మంలోకి పోయి బాపు ముఖం చూసుకునేదాన్ని. "ఏందే గట్ల చూత్తున్నవ్?" అనేవాడు. ఏం లేదనేదాన్ని. నిండుచేతుల చొక్కాతోనే నేరుగా స్నానానికి పోయేవాడు.

అమ్మకు చెబుదామా అంటే, తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఈ మాట వింటే ఏమైపోతుందో. చెప్పకుండా ఉందామా అంటే, రేపు ఆ మూత ఎగిరితే చెప్పనందుకు నన్ను నేను కొట్టుకు చావాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఐదురోజులు అలాగే నోరు కుట్టేసుకున్నాను. ఒక్క ఆశ మాత్రం మిగిలింది. హ్యాండిల్ రంగు ఇంకెక్కడో అంటి ఉండొచ్చు, లెక్క ఊరికే కలిసి ఉండొచ్చు, బాపు మగ్గాల దగ్గరే ఉండి ఉండొచ్చు. చూసి వస్తే పోలా?

శనివారం ఒంటిపూట బడి. బడినుంచి ఇంటికి పోకుండా ఉధనా కార్ఖానాకు నడిచాను. మగ్గాల కార్ఖానాలో మనిషి మాట మనిషికి వినపడదు, చెవిలో అరవాలి. ఆ రోజు లోపలికి అడుగుపెట్టగానే ఒక పక్క చెవికి తేలిగ్గా అనిపించింది. చూస్తే బాపు నడిపే ఎనిమిది మగ్గాలూ ఆగి ఉన్నాయి. వాటి మీద బీములు లేవు. బీమంటే పడుగుదారం చుట్టిన పెద్ద ఇనప దూలం, అది లేకపోతే మగ్గానికి పని లేదు.

పక్క మగ్గాల మీదున్న కాక నన్ను చూసి మెషీన్ల మధ్యనుంచి వచ్చాడు. మా ఊరివాడే.

"బీములు రాలే బిడ్డా, పన్నెండు రోజులాయె. మీ బాపు సుత గప్పటిసంది వస్తలేడు," అని, నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఏంది, నీకు తెల్వదా?"

తెలుసని తల ఊపి బయటికి వచ్చాను. షేర్ ఆటోలో పాండేసర అని చెప్పి కూర్చున్నాక, అంత దూరం ఎప్పుడూ ఒక్కదాన్నే పోలేదని గుర్తొచ్చింది. దిగిపోదామనుకున్నాను. దిగలేదు. అది ధైర్యం కాదు, ఇంటికి పోయి సాయంత్రం దాకా మళ్ళీ ఆ గంట కోసం కూర్చునే ఓపిక లేక.

మామ కోసం నిలబడిన గేటు దగ్గరికే పోయాను, నాకు తెలిసిన గేటు అదొక్కటే. గోడవారగా సైకిళ్ళు పెట్టి ఉన్నాయి. మీటరున్న సైకిల్ వెతకక్కర్లేకుండానే కనపడింది. బాపు పోయి పోయి ఈ మిల్లులోనే చేరాడు! వాచ్‌మన్ "కిస్ సే మిల్నా హై?" అని గద్దించాడు. బాపు పేరు చెప్పాను. భోజనాల గంట కొట్టేదాకా ఆగమన్నాడు. ఆగాను. అంతలో లోపలెక్కడో బుస్సుమని ఆవిరి పెద్దగా పొంగిన చప్పుడు. ఎవరో అరిచారు. నేను అక్కడే మట్టిలో కూలబడ్డాను. "అరే, కుఛ్ నహీ, రోజ్ కా హై," అన్నాడు వాచ్‌మన్. రోజూ ఉండేదేనట!

గంట కొట్టాక మనుషులు గుంపుగా బయటికి వచ్చారు. వాళ్ళలో బాపు. మోచేతులదాకా రాణీ రంగు. నన్ను చూసి ఉన్నచోటే ఆగిపోయాడు. రంగు లేని ముఖం ఇంకా తెల్లబడింది. ఉరికొచ్చాడు.

"అమ్మకేమైంది?"

"అమ్మకేం కాలే."

"మరెందుకచ్చినవ్? ఏమైందే?"

"నువ్వు బతికున్నవో లేవో సూద్దామనొచ్చిన," అన్నాను. అనగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఎప్పుడూ చేసినట్టే ఓదార్చబోయి బాపు నా తల మీదికి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నా నెత్తి వైపు ఒకసారి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రంగంటుతుందని కాదు, ఇద్దరికీ తెలుసు.

సైకిళ్ళ దగ్గరికి తీసుకుపోయాడు. "ఎట్ల తెల్సింది? ఎవలు చెప్పిండ్రు?"

"మైనస్ ఆరొచ్చింది బాపూ."

ఆయనకేం అర్థం కాలేదు. సైకిల్ పక్కన మట్టిలో పుల్లతో రాసి చూపించాను. నూట ముప్పై రెండు, పద్నాలుగు, తొమ్మిది, ఐదు. బాపు నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి. ఎక్స్, వైల జోలికి పోకుండా వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. "మంగళారం, బుధారం, బేస్తారం, సుక్రారం, శనారం. ఔ, ఐదే." కాలితో ఆ మట్టిగీతలు చెరిపేశాడు. "అప్పటికి ఐదు. ఇయ్యాల్టితోని పదకొండు."

"బీములెప్పుడొస్తయ్?"

"సేటు రేపంటడు, ఎల్లుండంటడు. కూసోని తినేటట్టు ఉన్నమా బిడ్డా? నేను జెట్ కాడికి పోత లేను. తడిగుడ్డ మూటలు గుంజే పనే."

"మూటలు గుంజితే మోచేతులదాంక అంటుతదా రంగు?"

ఎప్పుడూ ఎదురు మాట్లాడని పిల్ల అంత మాట అడిగేసరికి బాపు చుట్టూ చూశాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బాపు కూడా భయపడతాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన పెదవులు వణకడం చూశాక నా భయం తగ్గలేదు, రెండింతలైంది.

"అమ్మకు చెప్పకు," అన్నాడు. "చెప్తే తట్టుకోదు. చెప్పనని నా మీద..." అని, ఆ మాట మింగేసి నన్ను ఆటో ఎక్కించాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ చీరల కుప్ప ముందు కూర్చుని చిన్న కత్తెరతో దారాలు కత్తిరిస్తోంది. ఇంతసేపేమైందని అడిగింది. స్పెషల్ క్లాసన్నాను. నమ్మినట్టే తల ఊపింది. నేనూ ఒక కత్తెర తీసుకుని పక్కన కూర్చున్నాను. ఒక చీర అంచు కత్తిరించబోయి చీరనే కత్తిరించాను. అమ్మ తిట్టలేదు. అమ్మ తిట్టలేదంటే అదే పెద్ద సంగతి, కానీ అప్పుడు నాకు తట్టలేదు.

ఏడున్నర దాటాక సైకిల్ గంట మోగింది. బాపు నన్ను చూడకుండా నేరుగా స్నానానికి పోయాడు. లోపల గరుకురాయితో రుద్దుకుంటున్న చప్పుడు. నేను పళ్ళు బిగబట్టి కంచాలు పెడుతున్నాను. చాలాసేపైంది. రుద్దుతూనే ఉన్నాడు.

"ఇయ్యాల మస్తు సేపు రుద్దుకుంటుండు," అంది అమ్మ, చీర మీదినుంచి తల ఎత్తకుండా. "రాణీ రంగు గంత జల్ది పోదు."

చేతిలో కంచం అలాగే ఉండిపోయింది.

"నీకు తెలుసా?"

"బట్టలుతికేది నేను గాదా? పోయిన్నాడే తెల్సింది. బకిట్ల నీళ్ళు ఎర్రగైనయ్."

"మరి అడగలేదేంది? ఆపలేదేంది?"

అమ్మ కత్తెర ఆపింది. గొంతు బాగా తగ్గించి చెప్పింది. "నేనడిగిననుకో, నాకు తెల్సిందని ఆయనకు భయం పట్టుకుంటది. ఒట్టు తప్పితినని చేతులు వణుకుతయ్. వణికే చేతులతోని ఆ మూత తియ్యొద్దు. మీ మామ చేతులు గట్లనే వణికినయట, ఆ పైవాడు తొందరపెడితె." మళ్ళీ కత్తెర ఆడించింది. "బువ్వ పుట్టకుంటె ఎట్లనో నాకు తెల్వదు, ఆయనకు తెల్వదు. ఏమని ఆపుదు?"

అప్పుడు నేను, వారం రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న ప్రశ్న అడిగేశాను. సిగ్గుగా ఉంది కానీ అడిగాను. "మరి నా నెత్తి మీద ఒట్టున్నది గదమ్మా. నాకేమన్నయితదా?"

"నీ మీద లేదు. ఎప్పుడో తీసేసిన."

"ఎప్పుడు?"

"ఆ ఎర్రనీళ్ళు పారబోసిన పొద్దుగాలనే. నువ్వు నిద్రల ఉన్నవ్."

ప్రాణం లేచొచ్చింది. నిజంగా. వారంగా పట్టేసిన మెడ వదులైంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టమని చిన్నప్పుడు ఆటల్లో ఎన్నిసార్లు అనుకోలేదూ! అదే అన్నాను. "గట్టు మీద పెట్టినవా?"

"ఈ సూరత్‌ల గట్టేడిదే?" అంది అమ్మ. "తీసినంక ఏడనో ఒక్కకాడ పెట్టాలె గద."

అని ఎడమచేత్తో కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఇంట్లో మేం ఇద్దరమే ఉన్నాం, కొంగు కప్పుకోవాల్సిన పనేం లేదు. ఆ చెయ్యి కొంగుతోపాటు నెత్తి మీద ఒక్క క్షణం ఆగింది. సమీకరణంలో ఒక పక్కనుంచి తీసింది ఊరికే పోదని, రెండో పక్కకు పోయి చేరుతుందని వారమంతా బోర్డు మీద చేసిందాన్ని నేను. నాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

"సగం నా మీద పెట్టు," అన్నాను. "ఇద్దరం చెరి సగం పెట్టుకుందాం. సగమైతే చావరు."

"నోరు మూసుకో. దెబ్బలు పడతయ్," అని వీపు మీద ఒక్కటేసింది. వేసిన చెయ్యి వీపు మీదినుంచి తియ్యలేదు. వణుకుతోంది అది.

స్నానాలగది తలుపు చప్పుడైంది. బాపు తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రంగు పోయింది, కానీ రుద్దీ రుద్దీ చర్మం ఎర్రగా కందిపోయింది. మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఏం ముచ్చట పెడుతున్నరు తల్లీబిడ్డలు?"

"ఏం లే. దానికి లెక్క అర్థమైతలేదట," అంది అమ్మ.

బాపు కంచం ముందు కూర్చున్నాడు. అమ్మ అన్నం పెట్టింది. ఆయన కలుపుకుంటున్నంతసేపూ మేమిద్దరం ఆ చేతులనే చూస్తున్నాం. రెండు ముద్దలు తిన్నాక, తలెత్తకుండానే అన్నాడు.

"రేపు సుత జర జల్ది లేపు. గర్నాలాల నీళ్ళు ఇంక తగ్గలే."

"లేపుత," అంది అమ్మ.